సాయిబు తాత గుర్రానికి వచ్చిన కడుపునొప్పి

నా చిన్నప్పుడు కర్నూలు రాజధాని అయింది గానీ, ఆ రాజధానిని చూసే యోగం నాకు మూడు నెలల దాకా పట్టలేదు. ఉన్నది ఆ ఊళ్లోనే, పాతబస్తీలో ఒక ఇరుకు సందులో. వరసగా వానలు లేక మా సొంతూరు కోసిగిలో చేను బీడుపడింది. ఎద్దుల్ని అమ్మేశారు. కర్నూల్లో ఆఫీసులకు గుడారాలు వేస్తున్నారు, షెడ్లు కడుతున్నారు, పనికి కొదవ లేదని ఎవరో చెబితే మా నాయన మూటాముల్లె కట్టించి అందరినీ రైలెక్కించాడు. అమ్మా నాయనా పొద్దున్నే పనికి పోతే ఇంట్లో నేనూ మా అవ్వా మిగిలేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు, ఇంకా బడిలో వేయలేదు. సందు చివరికి వెళితే కొండారెడ్డి బురుజు కనబడుతుందని వీధి పిల్లలు ఊరించేవాళ్లు. అవ్వ నన్ను అంతదూరం కూడా పోనిచ్చేది కాదు. పోనీ తాను తోడు వస్తుందా అంటే, గడప దాటేది కాదు.

అవ్వ పొద్దస్తమానం గోడకు ఆనుకొని కూర్చునేది. కోసిగిలో ఆమె అలాంటి మనిషి కాదు. పశువుల వైద్యంలో ఆమె చేయి మంచిదని పేరు. తెల్లారేసరికి మా వాకిట్లో ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్లు, ఎద్దు మేత మానిందనో, ఆవు ఈనలేక యాతన పడుతోందనో. అవ్వ కొంగు నడుముకు బిగించి ఉన్నపళంగా బయల్దేరేది. కర్నూలు వచ్చాక ఆమెను పిలిచిన మనిషే లేడు. అన్నం సగం తిని పళ్లెం పక్కకు జరిపేది. "నన్ను కోసిగికి తోలండప్పా. ఈడ నాతో ఎవరికి పని ఉండాది?" అని రోజూ అదే మాట. అక్కడ మా ఇంటికి తాళం. ఇరుగుపొరుగు వాళ్లు కూడా వలసపోయారు. ఆ వయసులో ఒంటరిగా ఎలా బతుకుతుందని అమ్మ గోల పెట్టినా, నాయన చివరికి విసిగిపోయి సోమవారం రైలెక్కిస్తానని మాట ఇచ్చేశాడు.

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట వినగానే నాకు సంతోషం కలిగింది. కట్టడి చేసే మనిషి పోతే బురుజు చూడవచ్చు కదా! మరుక్షణమే, ఇక ఎవరి పక్కన పడుకోవాలో తోచక ఏడుపు ముంచుకొచ్చింది. సంతోషం, ఏడుపు రెండూ నావే. అమ్మ మాత్రం చెంబు పట్టుకొని పక్కింటికి పోయి, చాలాసేపటికి గానీ రాలేదు.

ఆ పక్కింట్లో జట్కా తోలే సాయిబు తాత ఉండేవాడు. తెల్లగడ్డం, చెవిలో అత్తరు దూది, మాట మహా మెత్తన. శనివారం పొద్దున ఆయన మా గడప ముందు నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో నలుపుతూ అవ్వను పిలిచాడు.

"అక్కా, మా గుర్రం నిన్నట్నుంచి దాణా ముట్టల్యా. కడుపునొప్పో ఏమో. నువ్వు పశువుల్ని చూస్తావంట గదా, రవ్వంత వచ్చి చూడక్కా."

"నేను ఎద్దుల్ని చూసినదాన్నప్పా. గుర్రం సంగతి నాకేం తెలుసు?"

"కడుపు ఎవరికైనా కడుపే గదక్కా," అన్నాడు తాత.

అవ్వ కాసేపు ఆయన మొహం వంక చూసి లేచింది. కొంగు నడుముకు బిగించింది. మూడు నెలల తర్వాత ఆమె అలా లేవడం చూసి నేను నోరు తెరుచుకొని ఆమె వెంట పడ్డాను. అవ్వ గుర్రం చెవులు తడిమి చూసింది, కనురెప్పలు విప్పి చూసింది, పొట్టకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. చివరికి తన కొంగుతో దాని మూతి శుభ్రంగా తుడిచింది. కడుపునొప్పే, పడుకోనీయకుండా మెల్లగా తిప్పుతూ ఉండాలని తేల్చి చెప్పింది. దారిలో ఏమన్నా అయితే తనకు చేతకాదని, అక్క కూడా వస్తేనే తిప్పుతానని తాత పట్టుబట్టాడు. అలా అవ్వ జట్కాలో ముందు కూర్చుంది. నేను వెనకవైపు కూర్చొని కాళ్లు వేలాడేశాను.

ఆ గుర్రం తెలివి ఏమని చెప్పను! చూడదగ్గ చోటు వచ్చిన ప్రతిసారీ దానికి ఆయాసం వచ్చేది. తాత కళ్లెం బిగించి, పాపం అలిసిపోయింది, కాసేపు ఆగుదామనేవాడు. మొదటి ఆయాసం బురుజు ముందు వచ్చింది. నేను తల వెనక్కి వాల్చి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. అవ్వ బురుజు వైపు కన్నెత్తలేదు, ఆమె చూపంతా గుర్రం డొక్కల మీదే. రెండో ఆయాసం ఆఫీసు గుడారాల దగ్గర. రాజధాని అంటే మేడలే మేడలనుకున్నాను. తీరా చూస్తే గుమాస్తాలు గుడారాల కింద కూర్చొని, కాగితాలు గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టుకొని రాసుకుంటున్నారు. అవ్వ మొదటిసారి తలెత్తి వాళ్లను చూసింది. "వీళ్లు గూడా మన మాదిరే వచ్చి పడినోళ్లే," అంది. ఆ తర్వాత ఆమె అటూ ఇటూ చూడసాగింది.

చివరికి కె.సి. కాలువ దగ్గర ఆగాం. నిండుగా పారుతోంది. గుర్రం నీళ్లకు మూతి పెట్టింది. మా కోసిగిలో చేయి కడిగినా మిరప మొక్క మొదట్లోనే కడగాలి, స్నానం చేసిన నీళ్లు పశువుల కొట్టం కడగడానికి పోవాలి. అలాంటి అవ్వ ఒడ్డున కూర్చొని దోసిలితో నీళ్లు ముంచి తాగింది. దోసిట్లో ఇంకా కాసిని మిగిలాయి. వాటిని కాలువలోకి జారవిడవలేదు. దోసిలి అలాగే పట్టుకొని గట్టెక్కి, వాడిన గడ్డిదుబ్బు ఒకటి వెతికి, దాని మొదట్లో పోసి వచ్చింది. నేను పకపకా నవ్వాను. తాత నవ్వలేదు. తలగుడ్డతో కళ్లొత్తుకున్నాడు.

ఇంటికి వచ్చాక అవ్వ పళ్లెం ఖాళీ చేసింది. సోమవారం ప్రయాణం సంగతి నాయన మెల్లగా ఎత్తితే కసురుకుంది. "ఆ గుర్రానికి నయం గాకుండా యాడికి పోయేదిరా?" ఆ నయం కావడానికి నెల పట్టింది. రోజూ సాయంత్రం తిప్పాల్సిందే. గోల్‌గుమ్మజ్, తుంగభద్ర వంతెన, రైల్వేస్టేషను అన్నీ ఆ కడుపునొప్పి పుణ్యాన చూశాను. ఈలోగా సందులో మేకలకూ బర్రెలకూ అవ్వే వైద్యురాలైంది. మా వాకిట్లో మళ్లీ మనుషులు నిలబడ్డారు. ఆమె కోసిగి మాట ఎత్తనేలేదు.

నాకు పెళ్లి కుదిరినప్పుడు సాయిబు తాత నవ్వుతూ అసలు సంగతి చెప్పాడు. గుర్రానికి ఏ జబ్బూ లేదట. మా అమ్మ ఆయన గుమ్మంలో నిలబడి ఏడ్చిందట, అందుకని ఆడిన అబద్ధమట. నేను పరుగున వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ ఉలవలు చెరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆ పొద్దు దాని మూతి నిండా ఉలవలు అంటుకోని ఉండె. కడుపారా తిని వచ్చినట్టుండాది. ఆయప్ప తుడవడం మర్చిపోయినాడు, నేను తుడిచినా. నాకు తెలుసని ఆయప్పకు చెప్పేవు, శానా నొచ్చుకుంటాడు."

నేను చెప్పలేదు. తాత పోయేదాకా ఆ గుట్టు నా దగ్గరే ఉంది. వాళ్లిద్దరిలో ఎవరిది పెద్ద మనసో ఇప్పటికీ తేల్చుకోలేక ఉన్నాను.

అప్పటి నుంచీ నాకొక అలవాటు. మా పక్కన కొత్తవాళ్లు ఎవరు దిగినా నేను కూరా నారా పట్టుకొని పోను. గిన్నె పట్టుకొని పోయి, మా ఇంట్లో పెరుగు తోడుకోలేదమ్మా, కాస్త తోడు ఇమ్మని అడుగుతాను. మొన్న ఎదురింట్లో దిగిన కోడలుపిల్ల మొహం వేలాడేసుకొని ఉంటే అలాగే పోయాను. ఆ అమ్మాయి గిన్నె అందుకుంటూ నా ముంజేతి వైపు చూసింది. చూద్దును కదా, అప్పుడే తిన్న పెరుగన్నం మరక అక్కడ తెల్లగా మెరుస్తోంది. ఆ పిల్ల నిండా తోడు వేసి ఇచ్చి, పక్కనున్న తుండుగుడ్డ తీసి నా చేయి తుడిచింది.