దిబ్బను కుప్ప అన్నవాళ్ళు

ఇంటి వెనక పేడ, బూడిద, వాకిలి ఊడ్చిన చెత్త పోసే చోటును దిబ్బ అనాలని మా అత్త పట్టు. కుప్ప అంటే ఆమెకు కళ్ళంలో పోసిన వడ్లు, చెప్పులు విడిచి దండం పెట్టుకునేది. మా తిరుత్తణి వైపు తమిళం మాట్లాడేవాళ్ళు చెత్తను కుప్పై అంటారు. బజారుకు పోతే మేమూ అనేవాళ్ళమే. మా గడప లోపల మాత్రం ఆ మాట జారితే, "తినే కుప్పకూ ఊడ్చే కుప్పకూ తేడా తెలీని నోరు" అని ఆ పూటంతా వదిలేది కాదు.

మామ పోయాక మాకు మిగిలింది చెరువు కింద అర ఎకరం మడి, రెండావులు, ఆ దిబ్బ. మా ఆయనకు ఆవడిలో ఫ్యాక్టరీ పని. తెల్లారకముందే రైలెక్కితే చీకటి పడ్డాకే రాక. సేద్యమంతా మా ఇద్దరి ఆడవాళ్ళదే. నేల చౌడు. పసుల ఎరువు నిండుగా పడితేనే నారు నిలిచేది, లేకపోతే వారం తిరిగేసరికి ఎర్రబడి చచ్చేది. అందుకే అత్త ఆ దిబ్బను పసిబిడ్డను చూసినట్టు చూసేది. దాని గుండెల్లోకి గడ్డపార దింపి, తమలపాకు నమిలేంతసేపు ఆగి, బయటికి లాగి మొనను అరచేతి వెనక ఆనించుకునేది. "ఇంకా ఉడకతాండాది, కదిలించొద్దు" అనేది. అదే ఆమె చదివిన చదువు.

డెబ్బైల చివర్లో మాకు ఎరువు నేర్పించడానికి పంచాయితీ యూనియన్ ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో కొలత టేపు. మా దిబ్బను కొలవాలని వచ్చి, టేపుకు పేడ అంటుతుందని గాలిలోనే కొలిచి రాసుకున్నాడు. పక్కన మా పంచాయితీ ప్రెసిడెంటు. మేము తలైవరు అనేవాళ్ళం. వరసకు అత్తకు తమ్ముడవుతాడు.

"ఇదెల్లాం కుప్పై అమ్మా. ఇళ్ళ మధ్యలో ఉండకూడదు. ఈగలు, దోమలు, రోగాలు. ఊరికంతా పొదువుగా, అందరికీ కలిపి గుంతలు తవ్వుతాము, అందరూ అక్కడే పోయాలి" అన్నాడు ఆఫీసరు.

"కుప్ప అనొద్దు నాయనా. పొద్దున నువ్వు తిన్న కూడు ఇట్టాంటి దిబ్బలో నుంచి లేసొచ్చిందే."

"అది పాత పద్ధతి. మేము చేసేది కంపోస్టు."

"ఏం పోస్టు?"

"కంపోస్టు."

"కంపు పోస్టా! నీకు మంచి పోస్టే ఇచ్చినారు పో నాయనా."

గోడ అవతల నేతవీధి ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆఫీసరుకు తెలుగు సగమే వచ్చు. ఆ సగమే చాలింది, మొహం మాడింది. తలైవరు సర్ది చెప్పబోయాడు. "గవర్మెంటు ఆర్డరక్కా. నా చేతిలో ఏముండాది?"

"నీ చేతిలో ఏముండాదో నీ చెరుకుతోట చెప్తాదిలే తమ్ముడా."

ఆమె అన్నది ఊరికే కాదు. గుంతలు తవ్వింది చెరువు పక్క పోరంబోకులో. దానికీ తలైవరు చెరుకుతోటకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. ఊరంతా మోసుకుపోయి ఆయన గట్టు పక్కన పోస్తే, ఆయన గట్టు దాటించుకుంటే చాలు.

గుంతలు తవ్విన మర్నాడే పంచాయితీ బండి వచ్చింది. రెండేళ్ళు మాగిన మా దిబ్బ పొద్దు గుంకేలోపల నున్నగా అయిపోయింది. బండి వెళ్ళాక అత్త ఆ ఖాళీ చోట నీళ్ళు చల్లింది, శవం లేచిన ఇంట్లో చల్లినట్టు. రాత్రి అన్నం ముందు మా ఆయన గొణిగాడు. "ఊరోళ్ళందరూ ఇచ్చినారు గదమ్మా, మనకెందుకు రచ్చ?"

"నీకేం రా, ఫ్యాక్టరీలో ఇనుము కొరుక్కుంటావు. సంకురాత్రి వచ్చే తై నెలలో నాటు పెట్టాల. నారుమడికి ఏం పోసేది, నీ రైలు టిక్కెట్టా?"

ఆయన మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు.

ఇక ఆ గుంతల గొప్ప చెప్పాలి. పల్లంలో తవ్వారేమో, మొదటి వానకే చెరువు ఊట ఎక్కి నిండిపోయాయి. ఆఫీసరు పుస్తకంలో వరసలు వరసలుగా పొయ్యమని ఉందట. అది చదివిన కప్పలు లేవు కాబట్టి వాటి ఇష్టానికి అవి ఈదులాడాయి. నేతవీధివాళ్ళు తెగిన నూలుపోగులన్నీ తెచ్చి పోశారు. వాళ్ళను అనడానికి లేదు, చెత్తంతా పొయ్యమన్నారు, పోశారు. నూలు తొందరగా మురగదని చెప్పాల్సినవాడు టేపు చుట్టుకుంటున్నాడు. వాసన వీధి చివరిదాకా కొట్టేది. దోమలు ఇళ్ళ మధ్యన ఉండకూడదన్నారు కదా, గుంతలో పుట్టి ఇళ్ళకు వచ్చేవి.

పై ఆఫీసరెవరో చూడ్డానికి వస్తున్నారని తెలిసిన రోజు చూడాలి సంబరం. గుంతల చుట్టూ సున్నం గీత, రాళ్ళకు సున్నం, వరసగా క్రోటన్ మొక్కలు. కంపు మీద పచ్చి వేపమండలు పరిచారు. రోడ్డువైపు తమిళంలో రాసిన పెద్ద బోర్డు పాతారు. వచ్చినాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, గుంతలోకి చూడకుండా బోర్డునే చదివి, బాగుందన్నాడు. ఆ నెలలోనే తలైవరుకు వెండిరంగు కప్పు ఒకటి ఇచ్చారు. దాన్ని ఇంటింటికీ తిప్పి చూపించాడు. అత్త దాన్ని తిప్పి తిప్పి చూసి, "దీంట్లో గుప్పెడు పేడ గూడా పట్టదే తమ్ముడా" అని తిరిగిచ్చింది.

కార్తీక మాసం వచ్చింది. మా వైపు పున్నమినాటి పెద్ద దీపం మర్నాడు ఒక ఆచారం ఉంది. ఇంట్లో, వాకిట్లో పెట్టిన దీపాల్లాగే దిబ్బ మీదా ఒక దీపం పెడతాము. తమిళంవాళ్ళు కుప్పై కార్తీకం అంటారు, అత్త దిబ్బ దీపం అనేది. సాయంత్రం ప్రమిదలో నూనె పోస్తూ నేను అడిగాను. "దిబ్బే లేదు గదత్తా, యాడ పెడతావు?"

"దిబ్బ యాడుంటే ఆడ. కూతుర్ని ఇంకోరింటికి పంపిస్తే చూడను పోమా?"

వీధెంట నడుస్తుంటే నేతవీధి ఆడవాళ్ళు నలుగురైదుగురు తమ ప్రమిదలు తీసుకుని వెనక వచ్చారు. చెరువు గాలికి దీపం నిలవలేదు. అత్త బోర్డు మొదట్లో గాలి తగలకుండా పెట్టింది. కార్తీకానికి ముందు ఐప్పసి నెల వానలకు అక్కడి మట్టి కోసుకుపోయి, పాతిపెట్టిన బోర్డు కింది అంచు జానెడు బయటపడింది. దీపం వెలుగులో ఆ అంచున ఇంకో వరస అక్షరాలు కనబడ్డాయి.

"ఏందో రాసుండాదే. చదువు చూస్తాం" అంది అత్త.

నేను తమిళబడిలో మూడో తరగతి దాకా వెళ్ళినదాన్ని. కూర్చుని, వేలితో మట్టి తుడుచుకుంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. "కుప్పై... కొడుత్త... వీట్టారుక్కే... ఎరు." చెత్త ఇచ్చిన ఇంటివాళ్ళకే ఎరువు!

వెనకున్నవాళ్ళు ప్రమిదలు కింద పెట్టి దగ్గరికి జరిగారు. నేతవీధి పెద్దామె ఒకతె మెల్లగా అంది. "ఇంగొకసారి గట్టిగా చదువమ్మా."

మూడుసార్లు చదివించారు నా చేత. ఇంతకూ రూలు మంచిదే. మేము ఇన్ని నెలలు తిట్టిన గవర్మెంటు మా వైపే ఉంది, మెడదాకా మట్టిలో. ఎవరు పూడ్చారో ఎవరికీ తెలియదన్నారు, అంటే ఊరంతటికీ తెలుసు.

పొద్దున్నే ఎరువు తోలుకోవడానికి తలైవరు బండ్లు గుంతల దగ్గరికి వచ్చేసరికి మేము గంపలు, పారలతో అక్కడే ఉన్నాము. ఆయన నవ్వుతూ దిగాడు. "అక్కా, అది పాత రూలు."

"పాత రూలు కొత్త బోర్డులో ఎట్లొచ్చె?"

"పెయింటరు పొరపాటు."

"రాసింది పెయింటరు పొరపాటు. మరి పూడ్చింది ఎవురి పొరపాటు?"

ఆఫీసరును పిలిపిస్తే సైకిల్ మీద వచ్చాడు. ఆయన బోర్డును అప్పుడే పుట్టినదాన్ని చూసినట్టు చూశాడు. తానే దగ్గరుండి రాయించిన బోర్డది. "సరిగానే ఉంది" అని గొణిగి, సైకిల్ తిప్పుకున్నాడు. తలైవరు ఖాళీ బండ్లు గట్టు దాటి వెళ్ళిపోయాయి.

అత్త గుంతలోకి మోకాళ్ళదాకా దిగింది. పైనున్న కుళ్ళును పక్కకు తోసి, అడుగున ఒక మూల చెయ్యి పెట్టి నల్లటి ముద్ద తీసింది. వేరుశనగ పొట్టు, ఊకబూడిద. "ఇదే మనది" అంది. నీళ్ళకు సగం కొట్టుకుపోయింది. దక్కిన ఎరువు నారుమడికి సరిపోయింది, మడికంతా చాలలేదు. ఆ ఏడు పంట అంతంతమాత్రమే. కానీ నారు బతికింది. పీకేటప్పుడు చూస్తే వేళ్ళ చుట్టూ ఎర్రవి, పచ్చవి నూలుపోగులు చుట్టుకుని ఉన్నాయి. "నేతవీధోళ్ళు నారుకు చీర కట్టి పంపినారు మే" అని అత్త నవ్వింది. ఆ గుంతల పుణ్యాన ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత ఎవరి దిబ్బ వాళ్ళ ఇంటి వెనక్కే వచ్చేసింది. ఆఫీసరు బదిలీ అయ్యాడు. పోతూ మా ఊళ్ళో కంపోస్టు బాగా జరుగుతోందని రాసిపోయాడట. మరుసటి కార్తీకానికి అత్త మా దిబ్బ మీద దీపం పెట్టి, నా చేతికి ఇంకొక ప్రమిద ఇచ్చింది.

"పోయి ఆ బోర్డు కాడ పెట్టిరా మే."

"ఆడేముందత్తా, కప్పలు తప్ప?"

"ఆ బోర్డుండాది గదా. అది కుప్పే" అంది. ఆమె నోట ఆ మాట అరవ అర్థంలో, చెత్త అని, విన్నది నేను అదే మొదలు.