స్తంభం మీద మా పేరు

మా చిన్నప్పుడు... మా ఊరి శివాలయం మండపంలో ఒక రాతి స్తంభం మీద మా వంశంలో పెద్దాయన పేరు చెక్కి ఉండేది. గుడి బాగుచేసినప్పటి నుంచి అది కనబడటం లేదు. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కరూ నిజం చెప్పరు.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. చాళుక్యుల కాలంలో రాజుగారు దేవుడికి అఖండ దీపం పెట్టించి, దాని నెయ్యి కోసం ఒక గొర్రెల మందను మా వాళ్ళకు అప్పగించారట. ఎన్ని తరాలైనా ఆ దీపానికి నెయ్యి మా ఇంటి నుంచే వెళ్ళాలని రాయించారట. మా నాన్న నాటికి అది సోమవారాలకే మిగిలింది. అమ్మ వెన్న కాచి ఇత్తడి గిన్నెలో పోసి, పైన తమలపాకు కప్పి ఇచ్చేది... నాన్నా నేనూ గుడికి పట్టుకెళ్ళేవాళ్ళం.

పూజారిగారు స్తంభం మీద ఆ పేరున్న అక్షరాల వరుసను పుల్లతో చూపించేవారు.

"ఇదిగోరా అబ్బాయ్, మీ తాతల తాత. చదువు."

"ఆ అక్షరాలు నాకు రావండి."

"నీకే కాదులే, మీ మేష్టారికీ రావు!"

ఆ రోజంతా నాన్న నడకే వేరు...

నేను మూడో తరగతితో ఆపేశాను. అయినా ఆ వరుస ఎక్కడుందో కళ్ళు మూసుకుని తడిమి చెప్పేవాణ్ణి.

ఇప్పుడు స్తంభాలన్నిటికీ నల్ల గ్రానైటు. గుడి కమిటీ ప్రెసిడెంటు నన్ను బాబాయ్ అంటాడు.

"ఏంటి బాబాయ్, ఇంకా ఆ రాయేనా? లోపల భద్రంగా ఉందండీ. పైన పలకలు అతికించామంతే."

"అయితే ఒక్క పలక తియ్యి."

"తీస్తే మాత్రం మీకు చదవడం వచ్చా ఏంటండీ?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు.

చదవడం రాదు. జాన పెట్టి కొలవడం వచ్చు. గుడి బాగుచేసే ముందు కూడా పాత స్తంభం ఒక్కో వైపు నా చేత్తో మూడు జానలు. ఇప్పుడు రెండున్నర. రాతి మీద పలక అతికితే లావెక్కాలి గదా... చిక్కిపోయిందేంటి? పాతది పీకేసి సిమెంటుది పోశారని నా అనుమానం. పీకిన రాయి ఏ వంటశాల మెట్టు కింద బోర్లా పడుందో!

గుడి నాదనడం లేదు. మా నాన్న సంతోషం కోసం పూజారిగారు అలా చెప్పేవారంటారా... చదివేవాళ్ళను పిలిచి చదివించండి. పేరు లేకపోతే నోరు మూసుకుంటాను.

ఈ రోజుల్లో గుడికి ఫ్యాను ఇచ్చినవాడు మూడు రెక్కల మీదా పేరు రాయించుకుంటున్నాడు. అన్ని తరాలు దీపం వెలిగించిన మాకు ఒక్క వరుస ఎక్కువైందా...

ఆ మండపంలో పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళూ, పాత ఆల్బంలు తియ్యండమ్మా. మీ వెనకాల ఆ స్తంభం కనిపిస్తే ఆ ఫొటో ఈ పోస్టు కింద పెట్టండి. మీ ఊరి గుళ్ళో ఇలాంటి రాళ్ళుంటే, సున్నం కొట్టేలోపు ఓసారి చూసి రండి.

ప్రెసిడెంటుగారూ, వచ్చే ఆదివారం దాకా చూస్తాను. ఊరందరి ముందూ చెప్పండి... ఆ రాయి ఎక్కడుంది?