పిల్లి సెంటర్లో సింహం

ఈ భూమ్మీద సింహాన్ని పిల్లిగా మార్చిన మొనగత్తె ఒక్కతే ఉంది. ఆవిడ మా అమ్మమ్మ. సర్కసు వాళ్ళు బోను కట్టి, కొరడా ఝళిపించి, పక్కన తుపాకీ పెట్టుకుని కూడా చెయ్యలేని పనిని ఆవిడ ఒక బ్రష్షుతో, స్టూలు మీద నిలబడి, మధ్యమధ్య ముక్కు తుడుచుకుంటూ చేసింది. పైగా అందుకు జీతం కూడా తీసుకుంది.

ఈ మాట ఆవిడ ముందు అంటే మాత్రం ఆ బ్రష్షు నా మూతి మీదికి వస్తుంది.

అమ్మమ్మ మున్సిపాలిటీ పార్కుల విభాగంలో పెయింటరు. మాది చిన్న నగరమే గాని బొమ్మల పిచ్చి పెద్దది. ప్రతి కూడలిలోనూ ఒక సిమెంటు బొమ్మ ఉండాలని ఎప్పుడో ఒక పెద్దమనిషి పట్టుబట్టాడట. స్టేషను ముందు కొంగను పెట్టారు. ఆసుపత్రి దగ్గర తాబేలును పెట్టారు. అంబులెన్సులు తిరిగే చోట తాబేలేమిటని ఎవరూ అడగలేదు. కోర్టు ఎదుట కళ్ళు మూసుకున్న గుడ్లగూబ, మార్కెట్టు కూడలిలో సింహం. ఎండకు వెలిసి, వానకు నాని, బస్సుల పొగకు నల్లబడే ఈ సంతానానికంతటికీ ఏటేటా రంగు వెయ్యడం అమ్మమ్మ ఉద్యోగం.

రంగు వేసే ముందు పాత రంగు గీకాలన్నది అమ్మమ్మ మతం. "గీకకుండా వేసిన రంగు, స్నానం చెయ్యకుండా కొట్టుకున్న సెంటురా" అంటుంది. మా ఇంటి కిటికీ ఊచలు గీకీ గీకీ పుల్లల్లా అయ్యాయి. ఆవిడ చేతి సంచిలో దువ్వెన లేకపోయినా గీకుడు బ్లేడు ఉంటుంది.

మున్సిపాలిటీలో మాత్రం గీకడానికి ఎప్పుడూ తీరిక దొరకలేదు. "రేపు మంత్రిగారు వస్తున్నారమ్మా, మీద కొట్టెయ్యి." "ఎల్లుండి బడిపిల్లల ఊరేగింపమ్మా, మీద కొట్టెయ్యి." ఆఫీసర్లు మారారు గాని ఆ మాట మారలేదు. ఒకాయనకు పసుపు ఇష్టం, ఒకావిడకు గోధుమ రంగు. ఇంకొకాయన ఈతకొలను కోసం తెప్పించిన నీలం మిగిలిపోయిందని సింహాన్ని ఏడాదంతా నీలంగా ఉంచాడు. అలా కోటింగు మీద కోటింగు పడి మొదట గోళ్ళు మునిగాయి. జూలు ముద్దకట్టి, మెడకు మఫ్లరు చుట్టినట్టయింది. కళ్ళు ఉబ్బాయి. తెరిచిన నోట్లో జనం అరటితొక్కలు కుక్కుతున్నారని ఒక ఆఫీసరు గోడల బీటలు పూడ్చే లప్పం పెట్టించి ఆ నోరు కూడా మూయించాడు. మూసింది అమ్మమ్మే, పళ్ళు నూరుకుంటూ.

ఇంకేముంది, ఆ కూడలి పిల్లి సెంటరైంది. పిల్లి మెడికల్స్ వచ్చింది, పిల్లి ఫ్యాన్సీ స్టోర్స్ వచ్చింది. ఊళ్ళో పిల్లలందరూ దాని వీపెక్కి చెవులు మెలిపెట్టేవాళ్ళు. నేనూ మెలిపెట్టాను. ఎంత మంచి పిల్లో, ఒక్కసారీ ఏమీ అనలేదు. అమ్మమ్మను మాత్రం అందరూ పిల్లి పెయింటరమ్మ అనేవారు.

పనికి వెళ్ళే బస్సులో ఆవిడకు రోజూ ఇదే గోల.

"సింహం సెంటరుకి ఒక టికెట్టియ్యి బాబూ."

"అలాంటి స్టాపు లేదు మామ్మగారూ" అనేవాడు కండక్టరు.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది."

"నేను పుట్టాక పిల్లే ఉంది. పిల్లికి కొట్టమంటారా?"

ఆ మాట తన నోటితో అనడం చావుతో సమానం అమ్మమ్మకు. అందుకని ఒక స్టాపు ముందుకే టికెట్టు తీసుకుని, అక్కడ దిగి, రంగు డబ్బా మోసుకుంటూ మిగతా దూరం నడిచేది. వానొచ్చినా అంతే, జ్వరమొచ్చినా అంతే. మోకాళ్ళు అరిగాయి గాని పంతం అరగలేదు.

ఇంటికొస్తే మేం ఊరుకుంటామా?

"దానికి కోరలుండేవిరా. నాలుక కూడా ఉండేది. మొదటి కోటింగు వేసింది నేనే, నా కళ్ళారా చూశాను."

"నీకూ ఒకప్పుడు పళ్ళుండేవంటావు అమ్మమ్మా. అదీ మేం చూడలేదు."

"నవ్వరా, నవ్వు. రిటైరయ్యేలోగా ఒక్కసారి దాని మొహం దానికి తిరిగిచ్చేసి పోవాలి. లేకపోతే రేపు నా పేరు చెప్పి జనం చూపించేది ఆ ముద్దనే గదా!"

ఆ మాటతో నా నవ్వు కాస్త తగ్గింది. ఇన్నేళ్ళ ఉద్యోగానికి మిగిలేది ఒక లావుపాటి పిల్లి అంటే ఎవరికైనా కడుపు రగులుతుంది. కొత్త ఆఫీసరు వచ్చినప్పుడల్లా వెళ్ళి అడిగేది. వచ్చినప్పుడల్లా "వచ్చే ఏడు చూద్దాం" అనేవాళ్ళు. ఆవిడకు వచ్చే ఏళ్ళు అయిపోవస్తున్నాయి.

చివరికి ఆఫీసర్లు చెయ్యని మేలు ఉల్లిపాయల లారీ చేసింది. వెనక్కి వస్తూ సింహం మూతిని గుద్దింది. చెప్పు అట్టంత మందాన రంగూ లప్పమూ కలిసి ఊడి పడ్డాయి. ఊడినచోట తెల్లగా, వంపుగా, ఒక కోర.

అమ్మమ్మ లారీ డ్రైవరుకు దండం పెట్టినంత పని చేసింది. అతను తిడుతుందనుకుని అప్పటికే బండి వదిలేసి పారిపోయాడు.

పార్కుల ఆఫీసరమ్మ పరుగెత్తుకొచ్చింది. కొత్తగా వచ్చిన చిన్నపిల్ల.

"అయ్యో, విరిగిందా మామ్మగారూ?"

"విరగలేదమ్మా, బయటపడింది."

"అయితే ప్రస్తుతానికి మీద..."

"మీద కొట్టెయ్యమన్నారంటే ఈ స్టూలు మీంచి దూకి చస్తాను."

ఆ స్టూలు మోకాలెత్తు కూడా ఉండదు. అయినా పాపం ఆఫీసరమ్మ భయపడిపోయి, గీకమంది.

అంతే, అమ్మమ్మ అన్నం తినడం మరిచిపోయింది. పెచ్చు లేచినకొద్దీ పాత ఆఫీసర్లందరూ ఒక్కొక్కరే బయటికొచ్చారు. "ఈ గోధుమ మహాతల్లి నా సెలవు ఎగ్గొట్టింది. ఈ నీలం పెద్దమనిషికి ఈత కూడా రాదు" అని ఒక్కొక్కరికీ పేరుపేరునా అక్షింతలు వేస్తూ గీకింది. గోళ్ళ సందుల్లో మేకుతో గీకింది, నాలుక కింద పాత టూత్‌బ్రష్షుతో తోమింది. ఆ బ్రష్షు నాదని తర్వాత తెలిసింది.

బయటపడ్డ సింహం చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. జూలు గాలికి ఎగిరినట్టుంది. నోరు ఎంత పెద్దగా తెరిచిందంటే, కొండనాలుక కూడా చెక్కి ఉంది.

ఊరు మెచ్చుకుంటుందనుకుంది పిచ్చి అమ్మమ్మ. ఊరు గొల్లుమంది. పిల్లలు ఏడ్చారు. తల్లులు ఆ దారి మానేసి సందుల్లోంచి వెళ్ళసాగారు. పిల్లి మెడికల్స్ యజమాని అందరినీ పోగుచేసి ఆఫీసుకు వెళ్ళి, తమ పిల్లి తమకు కావాలన్నాడు.

ఆఫీసరమ్మ అమ్మమ్మను పిలిపించింది. "రిటైరయ్యేలోపు మళ్ళీ పాతదానిలాగే చేసెయ్యండి మామ్మగారూ."

"పిల్లిని చెయ్యడానికి నాకు ఉద్యోగమంతా పట్టిందమ్మా. మిగిలిన నెలలో ఎలా అవుతుంది?"

"నోటికి లప్పం పెట్టండి. మిగతాది మీద కొట్టెయ్యచ్చు."

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ బక్కెట్టు నిండా లప్పం కలుపుకుని సింహం ముందు కూర్చుంది. కలిపినదాన్నే మళ్ళీ కలుపుతోంది తప్ప చెయ్యి లేవడం లేదు. చుట్టూ జనం చేరారు. సాయానికి వెళ్దామని నేనొక అడుగు వేస్తే, ఆవిడ చూసిన చూపుకి రెండడుగులు వెనక్కి పడ్డాయి.

మందుల షాపాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇంకా మొదలెట్టలేదేం మామ్మగారూ? బేరాలు పోతున్నాయి."

అమ్మమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "పిల్లి కావలసింది నీకా, నాకా? రా, నువ్వే వచ్చి దీని నోరు ముయ్యి. ఇదిగో లప్పం."

"అదేమంత బ్రహ్మవిద్యా?" అని ఆయన చొక్కా చేతులు మడిచాడు. లప్పం ముద్ద తీసుకుని నోటిదాకా తీసుకెళ్ళాడు. కోరల దగ్గర చెయ్యి ఆగింది. మావైపు చూసి నవ్వాడు. మళ్ళీ పెట్టబోయాడు. మళ్ళీ ఆగింది.

"సిమెంటేనయ్యా, కరవదు" అన్నారెవరో.

"తెలుసు, తెలుసు!" అని ఈసారి కళ్ళు మూసుకుని పెట్టబోయాడు. సరిగ్గా అప్పుడే వెనక బస్సు హారను మోగింది. కెవ్వుమని చెయ్యి లాగేసుకున్నాడు. లప్పమంతా ఆయన చొక్కాకే అంటుకుంది.

"మా నాన్న భయపడ్డాడు!" అని కూతురు చప్పట్లు కొట్టింది. కొట్టి ఊరుకుందా? నేరుగా వెళ్ళి, సింహం నోట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టి, కొండనాలుక పట్టుకుని ఊపింది. "నాన్నా, చల్లగా ఉంది!"

ఇక చూడాలి. నిన్నటిదాకా ఏడ్చిన పిల్లలందరూ నేను ముందంటే నేను ముందని ఎగబడ్డారు. సందుల్లోంచి వెళ్తున్న తల్లులు వెనక్కి వచ్చి ఫొటోలు తీశారు. ఆఫీసరమ్మ వచ్చేసరికి పిల్లల వరస ఫ్యాన్సీ స్టోర్స్ దాటింది.

"ఈ లప్పం ఏం చెయ్యమంటారమ్మా?" అని అమ్మమ్మ అడిగింది. గొంతులో వినయం పొంగిపోతోంది.

"ఆసుపత్రి గోడకు వాడెయ్యండి" అంది ఆఫీసరమ్మ, పిల్లల్ని చూస్తూ.

అమ్మమ్మ సింహానికి తేనె రంగు వేసింది, పలచగా, ఒకే ఒక్క కోటింగు. మందుల షాపాయన తన బోర్డు మీది పిల్లికి రెండు కోరలు గీయించాడు. పిల్లి మెడికల్స్ అన్న పేరు మాత్రం అలాగే ఉంచాడు. నెల తిరక్కుండా ఊరంతా ఆ కూడలిని పళ్ళ పిల్లి సెంటరు అనసాగింది.

అమ్మమ్మ తల పట్టుకుంది. "జూలుంది, గోళ్ళున్నాయి, కొండనాలుకతో సహా ఉంది. ఇంకేం కావాలిరా వీళ్ళకి? అది లేచి గర్జించాలా?"

ఉద్యోగంలో ఆఖరి రోజు పనికి వెళ్తుంటే బస్సులో నేనూ పక్కన కూర్చున్నాను. కండక్టరు వచ్చాడు. అమ్మమ్మ నోరు తెరిచేలోగా వంగి, చెవి దగ్గర మెల్లగా, "సింహమే కదా మామ్మగారూ?" అని టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. తర్వాత బస్సంతా దద్దరిల్లేలా అరిచాడు: "పళ్ళ పిల్లి! పళ్ళ పిల్లి వాళ్ళు ముందుకు రావాలి!"

అమ్మమ్మ టికెట్టు మడిచి, బ్లేడున్న సంచిలో దాచుకుంది. ఈసారి మాత్రం కూడలిలోనే దిగింది.

ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. కిటికీ ఊచలు గీకుతూనే విన్నది. ఎలా ఉందని అడిగాను.

"దాన్ని పిల్లిని చేసింది నేను కాదురా వెధవా, గీకనివ్వని వాళ్ళు. ఆ మొదటి ముక్క గీకేసి, మళ్ళీ రాయి."