అడ్డుతెర

మా చెల్లెలి పెళ్లికి ఫోటోగ్రాఫర్ని కాకినాడ నుంచి రప్పిద్దామని నాన్న రెండుసార్లు అన్నారు. రెండుసార్లూ వద్దన్నది నేనే. ఢిల్లీలో ఫోటో తీసేవాడు దొరకడా అన్నాను. దినపత్రిక డెస్కులో రోజూ ఫోటోలు ఏరే ఉద్యోగం నాది. ఈ ఒక్క పనీ నాకు వదిలేయమన్నాను. తొంభైల నాటి మాట ఇది.

అప్పుడు మేం ఆర్.కె. పురం క్వార్టర్లో ఉండేవాళ్లం. అమ్మ మాత్రం ఆసుపత్రిలో ఉంది. ఇక ఇంటికి రాదని డాక్టర్లు మాతో చెప్పారు, ఆమెతో చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు తెలుసు. మాఘమాసంలో పెట్టుకున్న ముహూర్తం తన కోసం మార్చవద్దని పట్టుబట్టింది. పెళ్లికి రావడానికి వీల్లేదని తేలిపోయాక నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఆల్బమ్ అంతా నాకెందుకురా. జీలకర్ర బెల్లం పెట్టాక తెర తీస్తారు చూడు, అప్పుడు దాని మొహం ఎలా ఉందో అదొక్కటీ చూపించు. చాలు."

మార్కెట్లో మూడు స్టూడియోలు తిరిగాను. మొదటి రెండు చోట్లా గులాబీ పువ్వులో ఒక జంటను, గాజు గ్లాసులో ఇంకో జంటను కూర్చోబెట్టిన ఆల్బమ్‌లు చూపించారు. మూడో ఆయన యాభై దాటిన పంజాబీ పెద్దమనిషి. ఆల్బమ్ తెరవలేదు. ఏ ఫోటో తప్పిపోకూడదో ముందు చెప్పమన్నాడు. ఆ ప్రశ్న అడిగినందుకే ఆయన్ని కుదుర్చుకున్నాను.

పెళ్లి తంతు మొత్తం వరసగా హిందీలో కాగితం మీద రాసి ఇచ్చాను. జీలకర్ర బెల్లం దగ్గర రెండు గీతలు గీశాను. ఆయన కళ్లజోడు పైకెత్తుకుని చదివి, "జీరా ఔర్ గుడ్? భాయ్ సాబ్, యే రస్మ్ హై యా నాష్తా?" అని నవ్వాడు. తంతా, ఫలహారమా అని. నేనూ నవ్వాను. ఇద్దరూ ఎలా కూర్చుంటారో, ఎవరి చెయ్యి ఎవరి తల మీద ఉంటుందో చేత్తో చూపించి మరీ చెప్పాను. అప్పుడు మధ్యలో తెర ఉంటుందని మాత్రం చెప్పలేదు. చెప్పవలసిన సంగతని తోచలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న తెర అది.

పెళ్లి పొద్దుటిపూట, కాలనీ పార్కులో వేసిన షామియానాలో. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. ఆయన మాకంటే ముందే వచ్చాడు. మండపం ఎక్కే ముందు బూట్లు విప్పి, తలకి చేతిరుమాలు కట్టుకున్నాడు. అమ్మ లేదు కనుక బాబాయి, పిన్ని పీటల మీద కూర్చున్నారు. మేనమామలు చెల్లెల్ని బుట్టలో తీసుకొచ్చారు. తెర ఒక కొస పెళ్లికొడుకు బావగారు పట్టుకున్నారు, రెండో కొస నేను. నా కళ్లన్నీ చెల్లెలి మీదే. ఫోటోగ్రాఫర్ నా వెనక ఎక్కడో ఉన్నాడు. ఉన్నాడన్న ధైర్యంతో వెనక్కి తిరిగి చూడలేదు.

మూడో రోజున ప్రూఫులు ఆయనే స్వయంగా ఇంటికి తెచ్చాడు. తలంబ్రాలు ఎంత బాగా తీశాడో చెప్పలేను. గింజ గింజా గాలిలో ఆగి ఉంది. ప్రూఫులు వెనక్కి తిప్పి చూశాను. బుట్ట ఉంది. అడ్డం పట్టిన తెర, నా వీపు ఉన్నాయి. ఆ తర్వాత అక్షింతలు, లేచిన చేతులు, జనం వీపులు. మధ్యలో ఏమీ లేదు.

"పర్దా లగాయా థా నా, భాయ్ సాబ్," అన్నాడాయన నెమ్మదిగా. తెర చాటున ఆడపిల్ల కూర్చుంటే కెమెరా ఎలా ఎత్తుతానన్నాడు. మర్యాద కోసం తల దించుకుని నిలబడ్డాడట. తల ఎత్తేసరికి జనం అడ్డం వచ్చేశారు. కాగితం జేబులోంచి తీసి నాకే చూపించాడు. అందులో తెర మాట లేదు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. నా మొహం చూసి, "దోబారా కర్ లేతే హైఁ," అన్నాడు. మళ్లీ చేయిద్దాం, వాళ్ల పెళ్లిళ్లలో అందరూ చేయిస్తారు, తప్పేం కాదన్నాడు. మళ్లీ చేయించి తీసిన ఫోటోలను నేను డెస్కులో ఎన్నిసార్లు పక్కన పడేశానో లెక్కలేదు. ఆ రోజు మాత్రం సరేనన్నాను.

మర్నాడు ముందుగదిలో గోడకి షామియానా గుడ్డ కట్టి పీటలు వేశాం. పిన్ని జీలకర్ర బెల్లం నూరింది. చెల్లెలు మధుపర్కాల చీర మళ్లీ కట్టుకుంది. జీలకర్ర బెల్లం వేళకి మెడలో తాళి ఉండదు కనుక, ఇప్పుడున్నది పైటలోకి దోపాం.

"బావగారూ, రెండో పెళ్లి చేసుకుంటే గవర్నమెంటు ఉద్యోగం ఊడుతుంది. ఎవరికీ చెప్పకండేం," అన్నాడు పెళ్లికొడుకు. అందరం నవ్వాం.

చెల్లెలు నవ్వలేదు. "అన్నయ్యా, ఫోటో రాలేదని అమ్మకి చెప్పేద్దాం," అంది.

"అమ్మ అడిగింది ఇదొక్కటే. కదలకుండా కూర్చో," అన్నాను.

ఫోటో పెద్దదిగా వేయించి, చెల్లెల్ని తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టించుకుని, రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. వేలు మొహం మీద నుంచి కిందికి జరిగి చెల్లెలి పాదాల దగ్గర ఆగింది. అప్పుడు నాకూ కనిపించాయి. కాలి వేళ్లకు మట్టెలు. తాళి కట్టాక గానీ పెట్టని మట్టెలు, జీలకర్ర బెల్లం ఫోటోలో తళతళా మెరుస్తున్నాయి. తాళి దాచాం గానీ, కాళ్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

అమ్మ తలెత్తలేదు. "మట్టెలు బాగున్నాయే. వదులేం కాలేదు కదా?" అంది చెల్లెలితో. చెల్లెలు లేదన్నట్టు తల ఊపింది.

"బాగా తీశాడురా. ఆయనకి చెప్పు," అని ఫోటో కవర్లో పెట్టి నాకే ఇచ్చేసింది.

ఆ తర్వాత పది రోజులుంది. తలంబ్రాల ఫోటోలు అడిగింది, భోజనాల గురించి అడిగింది. తెర తీసినప్పటి మాట మళ్లీ ఎత్తలేదు. అడిగితే మేం దొరికిపోతామని ఊరుకుంది. ఆ పది రోజులూ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని నేనూ ఊరుకున్నాను.

తెర కొస నా చేతిలోనే ఉంది. అది దించినప్పుడు చెల్లెలి మొహం నాకు రెండడుగుల దూరంలో ఉంది. అమ్మ సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేసినట్టే, కింది పెదవిని పంటితో నొక్కిపట్టి పెళ్లికొడుకు వైపు చూసింది. అచ్చం అమ్మే. అదొక్కటీ చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు.