స్టీరింగుకు తగిలించిన ఇత్తడి బిళ్ళ

మా బావ వ్యానులో ఇంజను రెండు ముందు సీట్ల నడుమ ఉండేది. దాని మీద ఇనుప మూత, మూత మీద మడతపెట్టిన దుప్పటి. మూత ఎత్తితే ఇంజను మొత్తం ఒళ్లోకి వచ్చినట్టుండేది. బయట వాన కురుస్తున్నా లోపలే కూర్చుని బాగు చేసుకోవచ్చు. ప్రయాణాల్లో అక్క చపాతీల గిన్నె ఆ మూత మీదే పెట్టేది. ఎంత దూరం పోయినా వేడిగా ఉండేవి, కొంచెం డీజిల్ వాసనతో.

అది ఒకప్పుడు మా ఊరి బంగారు గనుల ఆస్పత్రి అంబులెన్సు. గనులు మూతపడ్డాక వేలంలో బావ కొన్నాడు. అండర్‌గ్రౌండ్‌లో ఫిట్టరుగా చేసిన మనిషి. స్ట్రెచర్లు ఉండే చోట పలకలతో రెండు మంచాలు కట్టాడు. వెనక తలుపు దగ్గర స్టవ్వు, నీళ్ల డ్రమ్ము. కిటికీలకు అక్క పాత చీరల తెరలు. ఏటా వేళాంకణి మాత పండక్కి మా రెండు కుటుంబాలూ దాంట్లోనే పోయేవి. దారిలో నీడ చూసుకుని ఆపేవాళ్లం, వండుకునేవాళ్లం, అందులోనే నిద్రపోయేవాళ్లం. పిల్లలు మంచాల కోసం కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఎంత మంచి హోటల్లో పడుకున్నా నాకు ఆ పలకల మీది నిద్ర రాదు.

అలాంటి పాత ఇంజను బాగు చేయడం ఎంత సులువో అంత కష్టం. సులువెందుకంటే అది ఏదీ దాచుకోదు. పొగ రంగు చూసి జబ్బు చెప్పవచ్చు. మా ఊళ్లో అయితే మొదట ఎయిర్ ఫిల్టరే విప్పాలి. గాలి ఇటు తిరిగితే, బంగారం తీశాక గనులవాళ్లు పారబోసిన సైనైడు దిబ్బల మీది దుమ్మంతా దాంట్లోకే వస్తుంది. నాలుగు పానాలు, చెవి ఒగ్గి వినే ఓపిక ఉంటే చాలు. కష్టం ఎక్కడంటే, ఒక ముక్క విరిగితే ఇంకొకటి దొరకదు. ఏ అంగడికి పోయినా "ఈ మోడలుకి రాదప్పా" అనే మాటే.

బావ ఇంజను తెరిచినప్పుడల్లా స్టీరింగుకు తన ఇత్తడి బిళ్ళ తగిలించేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన బిళ్ళ ఒకటి ఉండేది. షిఫ్టు అయ్యాక ఎవరి బిళ్ళ తిరిగి రాలేదో చూసి, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని తెలుసుకునేవారు. గని పోయినా బావకు ఆ భయం, ఆ భక్తి పోలేదు. బిళ్ళ స్టీరింగుకు ఉంటే ఇంజను విప్పి ఉన్నట్టు. తగిలించినవాడే తీయాలి. పని లేనప్పుడు వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడేది.

నేను అప్పట్లో బెంగళూరులో ఆఫీసు ఉద్యోగం చేసేవాణ్ణి. రోజూ మారికుప్పం రైల్లో పోయి వచ్చేవాణ్ణి. ఒక ఆదివారం ఆఫీసు స్నేహితులు వచ్చారు. ఆ వ్యాను నాదన్నట్టు వాళ్ల దగ్గర ఎన్నిసార్లో చెప్పుకుని ఉన్నాను. దాంట్లోనే ఆవని కొండకు తీసుకుపోతానని మాటిచ్చాను. వాళ్లతో బావ ఇంటికి పోతే, అక్క చర్చికి పోయింది. బావ ఏదో సామాను కోసం కోలారు పోయాడు. స్టీరింగుకు బిళ్ళ ఉంది. వ్యాను కింద నేల తడిగా ఉంది. కడిగి ఉంటారనుకున్నాను, లేదా అనుకోవాలనుకున్నాను. ఫిల్టరు దులిపినా బిళ్ళ తగిలిస్తాడు ఈయన అని నవ్వుకుని, దాన్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

నిజానికి బావ రేడియేటరు నీళ్లన్నీ వదిలేసి, చీలిన హోసుపైపు విప్పి, కొత్తది తేవడానికి పోయి ఉన్నాడు. స్నేహితులను ఎక్కించుకుని బేతమంగళ దాటానో లేదో, మూత కింది నుంచి కాలిన వాసన, తర్వాత ఒక మూలుగు, తర్వాత ఏమీ లేదు. ఇంజను పట్టేసింది.

వాళ్లను బస్సెక్కించి నేను ముందు బావ ఇంటికి వచ్చాను. ఎవరూ లేరు. జేబులోంచి బిళ్ళ తీసి మేకుకు తగిలించాను. అక్కడ ఉంటే, బావ దాన్ని స్టీరింగుకు తగిలించనేలేదని అనుకుంటారు.

బావ వచ్చాడు. విన్నాడు. స్టీరింగుకు బిళ్ళ లేదా అని అడిగాడు. లేదన్నాను. ఆయన మేకుకు ఉన్న బిళ్ళను చూశాడు.

"అట్లయితే నేనే మరిచినాను. నీదేం తప్పుండాది?" అని నన్నే ఓదార్చాడు.

ఆ తర్వాత బావ ఏ ఇంజనునూ ముట్టలేదు. ఎవరైనా మోటారు చూడమని పిలిస్తే, మరిచిపోయే చేయి మిషన్ల మీద పడకూడదని పంపేసేవాడు. పడుకునేముందు గ్యాసు కట్టేశాడో లేదో లేచి లేచి చూసుకునేవాడు. వేళాంకణికి రైల్లో పోసాగాము. లాక్కొచ్చిన వ్యాను పెరట్లో టార్పాలిన్ కింద నిలిచిపోయింది. మంచాల మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. ఈ ఇంట్లో ఆ వ్యానుతో పని ఉండేది కోళ్లకే అని అక్క దెప్పేది.

ఈ ఏడు నేను రిటైరయ్యాను. వ్యాను బాగు చేద్దామని పూనుకున్నాను. పగిలిన ఇంజను హెడ్డుకు బదులు ఇంకొకటి వెతుక్కుంటూ ముళబాగిలు, నంగలి తిరిగి, చివరికి రాష్ట్రం గడి దాటి పలమనేరు పాత ఇనుప అంగడిలో పట్టాను. ఆదివారాలు ఇంజను ముందు కూర్చునేవాణ్ణి. బావ వ్యాను తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని నోటితోనే పని చెప్పేవాడు. హెడ్డు బోల్టులు బిగించేటప్పుడు నడిమివి ముందు, అంచులవి తర్వాత అన్నాడు. నాకు చేతకాక పానా ఆయనకు అందించాను. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దప్పా. నా చేయి మరిచిపోతాది."

ఇన్నేళ్లూ ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ పొద్దు మాత్రం పానా పట్టుకున్న చేయి దించలేకపోయాను.

"బిళ్ళ స్టీరింగుకే ఉన్నింది బావా. నేనే తీసినాను. మేకుకు తగిలించింది గూడా నేనే."

ఆయన తిడతాడనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"నేను తగిలించినానా?"

"తగిలించినావు."

"బాగా గుర్తుందా నీకు?"

"నా చేత్తో తీసినాను గదా బావా."

బావ లేచి వ్యాను తలుపు పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు నన్ను నేను నమ్మకుండా బతికినాను గదరా," అన్నాడు మెల్లగా. నన్ను అంతకుముందు ఎప్పుడూ రా అనలేదు. తర్వాత, "దిగు," అన్నాడు. దిగాను. ఇంటికి పొమ్మన్నాడు. పోయాను.

ఆ వారమంతా అక్క ఫోను చేయలేదు. చివరికి చేసి, బావ తనకూ చెప్పాడనీ, నా మొహం చూడాలని లేదనీ అంది. పెట్టేసేముందు మాత్రం, మీ బావ రాత్రి గ్యాసు చూడకుండానే పడుకున్నాడు అంది.

మరుసటి ఆదివారం పిలవకపోయినా పోయాను. టార్పాలిన్ మడిచి పక్కన పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే స్టీరింగుకు బిళ్ళ వేలాడుతోంది. లోపల బావ ఇంజను మీదికి ఒంగి ఉన్నాడు. నేను వచ్చింది తెలిసినా తలెత్తలేదు. బిళ్ళ ఉండగా ఎక్కే హక్కు నాకు లేదు. బయట పానాల పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాను.

ఎండ పెరట్లోకి వచ్చేదాకా అట్లే ఉన్నాను. అప్పుడు కిటికీలోంచి నూనె మరకల చేయి ఒకటి బయటికి వచ్చింది.

"పెద్ద రింగు పానా," అన్నాడు.

వెతికి ఇచ్చాను. చేయి లోపలికి పోయింది.