దేవరాజు పిలిస్తే వచ్చే చేపలు

కొల్లేటికోట దగ్గర చెరువులో దేవరాజు ముప్పయ్యేళ్లుగా చేపలకు మేత వేస్తున్నాడు. తవుడు నింపిన సంచులు పడవలో పెట్టుకుని, గెడ వేసి నడుపుతూ, "రండమ్మా, రండి" అని కూత పెడతాడు. బొచ్చె చేపలూ శీలావతులూ బిలబిలమంటూ పైకి లేస్తాయి. "నా గొంతు వినపడితేనే వస్తాయండీ" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటాడు. పక్క చెరువు కాపలా నాది. రోజూ ఈ గొప్పలు వినలేక నాకు ఒళ్లు మండిపోయేది.

దేవరాజు మేత వేసే చెరువు యజమాని లక్ష్మీనారాయణగారి అమ్మాయి ఇందుజ ఏలూరులో సైకాలజీ చదువుతోంది. కాలేజీలో ప్రాజెక్టు చెయ్యమన్నారట. దేవరాజు కూతను ఫోనులో రికార్డు చేసింది. మర్నాడు పొద్దున్నే అతన్ని నోరు మెదపకుండా పడవ నడపమని, తను పక్కన కూర్చుని ఫోను మోగించింది. చేపలు ఎప్పటిలాగే వచ్చేశాయి.

గట్టు మీద నుంచి చూస్తున్న లక్ష్మీనారాయణగారు సంబరపడిపోయారు. "ఇంకేం దేవరాజూ, గట్టు మీద మేత చల్లే మెషీను పెట్టి, నీ గొంతు స్పీకర్లో వేస్తే సరిపోద్ది. నువ్వింక ఇంటిపట్టునుండు" అన్నారు.

దేవరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. పొగరు దిగిందని సంతోషించాల్సినవాణ్ణి, నాకే జాలేసింది. ఈ వయసులో పని పోతే ఏం తింటాడు?

"ఫోను పడవలోనే ఉంది కదండీ అమ్మాయిగారూ. పడవ తీసేసి చూడండి" అన్నాడు దేవరాజు మెల్లగా.

"అవునండీ, తప్పు నాదే. రెండూ కలిపి పెడితే దేనికొచ్చాయో ఎలా తెలుస్తుంది" అంది ఇందుజ. ఆ పిల్ల తప్పొప్పుకున్న తీరు నాకు తెగ నచ్చింది.

మర్నాడు గట్టు మీద ఫోనొక్కటే కూసింది. గంటసేపు కూసినా చేప తోక కూడా కనబడలేదు. లక్ష్మీనారాయణగారు మెషీను మాట మానేశారు. దేవరాజు మీసం దువ్వి, "ఫోను గొంతు నా గొంతవుద్దా అండీ" అని మళ్లీ మొదలెట్టాడు. వీడి మీదా నేను జాలిపడింది!

"ఇంకోటి మిగిలిందండీ" అంది ఇందుజ. "పడవ ఉండాలి, గొంతు ఉండకూడదు. ఫోనూ వద్దు, మీరూ పిలవకండి."

"ఒక్క చేపొస్తే నన్నడగండి" అని నవ్వుతూ పడవెక్కాడు.

గెడ పడవ అంచుకు తగిలి టక్కుమంది. రెండోసారి టక్కుమనేసరికి చేపలు చుట్టూ మూగేశాయి. అవి వచ్చేది ఆ చప్పుడుకి.

"అయితే పడవ ఉండాల్సిందే. నువ్వూ ఉండు దేవరాజూ" అన్నారు లక్ష్మీనారాయణగారు.

ఆటపట్టిద్దామని నేను కాచుకుని ఉన్నాను. దేవరాజు గట్టెక్కి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"పని దక్కిందిరా" అన్నాడు. "మరి ఇన్నేళ్లూ నేను ఎవరితో మాట్లాడినట్టు?"