అవ్వ సంచిలో మేకగంట

నా చిన్నప్పుడు మా ఇంట్లో తలుపు వెనక కొయ్యకు ఒక సంచి వేలాడుతూ ఉండేది. దాన్ని మా అవ్వ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ధర్మవరానికీ తాడిమర్రికీ నడుమ ఉన్న మా ఊళ్ళో అవి కక్షల రోజులు. ఉన్నట్టుండి ఇల్లు వదిలి పరిగెత్తాల్సి వచ్చేది. పంచాయతీ ఎన్నికల్లో మా నాయన ఊరి పెద్దాయన మాట కాదని నిలబడ్డాక అవ్వ ఆ సంచి సిద్ధం చేసింది. చేనికి పోయినా భుజాన వేసుకునే పోయేది.

అందులో ఏముందో చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. రాయిలా గట్టిపడ్డ పాత బెల్లం, మగ్గాల వాళ్ళను అడిగి తెచ్చిన పట్టుగుడ్డ పేలికలు, కాస్త పసుపు, ఒక ఇత్తడి మేకగంట. మాకు మేకలే లేవు. గట్టిగా బిగిస్తే నూలుగుడ్డ చిరుగుతుంది గానీ పట్టు చిరగదని, గాయం పైన కడితే రక్తం నిలబడుతుందని చెప్పేది. నోట్లో బెల్లం గడ్డ ఉంటే పిల్లలు భయపడినా అరవలేరని చెప్పేది. గంట ఎందుకవ్వా అని అడిగితే మాత్రం, "అది నాది లే పాపా, నీకెందుకు?" అని కసిరేది. ముసలమ్మ చాదస్తం అనుకున్నాను.

శెనక్కాయలు పీకే కాలం వచ్చింది. సాళ్ళ మధ్య కంది మనిషెత్తు పెరిగి ఉంది. నాయన బస్సు దిగి మా చేనికేసి నడిచి వస్తుంటే పట్టపగలే పెద్దాయన మనుషులు మీద పడ్డారు. అందరి చేతుల్లోనూ వేటకొడవళ్ళు. భుజం మీద ఒక వేటు, తొడ మీద ఇంకొకటి. ఎట్లా విడిపించుకున్నాడో, కందిలోకి దూరి అవ్వా నేనూ ఉన్న చోటికి పాకుతూ వచ్చాడు. తొడలో ఎముక తెల్లగా కనిపించింది.

అవ్వ ఏడవలేదు. గాయానికి పసుపు అద్ది, పైన పట్టుగుడ్డ మెలిపెట్టి బిగించింది. నేను నోరు తెరిచేలోపే బెల్లం గడ్డ కుక్కింది. గట్టు మీద నుంచి, "ఆడ కంది కదల్తాండాది సూడురా!" అని ఎవడో అరిచాడు.

అప్పుడు తీసింది ఆ గంటను. "మీరు ఆ ఇసుక వంక దిక్కుకు పాకండి. ఇది మోగినంతసేపు నాకేమీ కాలేదనుకోండి. ఎనక్కి తిరిగినారంటే నా మీద ఒట్టే" అని వంగి ఇంకో వైపు వెళ్ళిపోయింది. మేక మేస్తున్నట్టు గంట కాస్త మోగి, ఆగి, మళ్ళీ మోగింది. "థూ, మేకలురా" అన్నాడు ఒకడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇంకొకడు నవ్వాడు. "అయితే ఒకటి పట్టుకరాపో, కోసుకుందాం."

వాళ్ళు గంట వినిపించే దిక్కుకు పోయారు. నాయన మోచేతుల మీద ఒళ్ళు ఈడ్చుకుంటూ పాకుతున్నాడు. ఆయన వెనక మట్టి ఎర్రగా తడిసింది. గంట మోగుతూనే ఉంది, ముందుకన్నా గట్టిగా, ఆగకుండా. నాయన ఉండబట్టలేక వెనక్కి తిరగబోయాడు. నేను బెల్లం చేతిలోకి ఉమ్మి, "గంట మోగుతాండాది కదా నాయనా" అని చొక్కా పట్టి ముందుకు లాగాను. మళ్ళీ బెల్లం నోట్లో వేసుకున్నాను. తియ్యగానే ఉంది. అది తలుచుకుంటే ఈ వయసులోనూ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వంకలో ఇసుక తోలే బండి దొరికింది. ధర్మవరం ఆసుపత్రిలో నాయన బతికాడు, కుంటుతూనే ముసలివాడయ్యాడు.

అవ్వ సంగతి మాకు పక్క చేనిలో కూలికి వచ్చి, గట్టు చాటున దాక్కున్న ఒకామె చెప్పింది. మేక కోసం పోయినవాళ్ళకు అవ్వ దొరికింది. జుట్టు పట్టి గట్టు మీదికి ఈడ్చారు. "నీ కొడుకు యాడుండాడే?" అంటూ కొడవళ్ళు వెనక్కి తిప్పి వీపు మీదా, చేతుల మీదా బాదారు. ఆమె నోరు విప్పలేదట, గంట వదల్లేదట. చివరికి ఒకడు కొడవలి పదును వైపుకు తిప్పాడు. గంట ఎప్పుడు ఆగిందో మేము వినలేదు. అప్పటికి వంక దాటేశాం.

ఇప్పుడు హిందూపురంలో ఉంటున్నాను. బెంగళూరు బస్సెక్కినా ఆ గంట నా చేతిసంచిలో ఉంటుంది, లోపలి నాలుకకు పట్టుగుడ్డ చుట్టి. ఎందుకవ్వా ఇది అని మనవరాలు నవ్వుతుంది. అది నాది లే పాపా అంటాను. తప్పించుకుపోయేవాళ్ళకు కావలసినవి ఎవరైనా సర్దుతారు. వెనక ఉండిపోయే మనిషికి కావలసింది కూడా మా అవ్వ ముందే సర్దుకుంది, అది తనకేనని ఎంచుకుని మరీ. అంతవరకు నాకు అర్థమైంది. ఆ చివర్లో గంట అంత గట్టిగా, ఆగకుండా మోగింది మాకోసం ఆమె చెయ్యి ఊపినందుకో, ఆ చేతి మీద పడుతున్న దెబ్బలకో, అదొక్కటే నాకు ఇప్పటికీ తెలియదు.